సైకిల్ చేతులతో బండి ఎక్కేముందు: మౌంటెన్ బైకర్ మొదటి ఆఫ్‌రోడ్ ట్రిప్పుకు తయారీ

ఇందులో సైకిల్ అంటే మౌంటెన్ బైక్, బండి అంటే ఆఫ్‌రోడ్ మోటార్ సైకిల్. రెండింటినీ బైక్ అని రాస్తే నాలుగో పేరాకే మీరూ నేనూ తికమకపడతాం.

నా మొదటి రోజు సంగతి ముందు చెబుతాను. ఏళ్ల తరబడి కొండదారుల్లో సైకిల్ తొక్కినవాణ్ని. దారి చదవడం వచ్చు, వాలు చూస్తే భయం లేదు. స్నేహితుడి 250 సీసీ బండి అడిగి తీసుకుని ఓ చిన్న దిగుడు దిగుతున్నాను. వేగం కాస్త ఎక్కువైందనిపించి అలవాటు కొద్దీ ఎడమచేతి లివర్ నొక్కాను. నా సైకిల్‌కి అది వెనక బ్రేకు. బండికి అది క్లచ్. అప్పటిదాకా చక్రాన్ని పట్టి ఉంచిన ఇంజిన్ ఒక్కసారిగా వదిలేసింది. ఆగాల్సిన బండి జోరందుకుంది. కంగారులో ఇంకా గట్టిగా నొక్కాను, అది ఇంకా జోరుగా పోయింది. చివరికి ఆపింది పక్కనున్న తుప్పలే.

మౌంటెన్ బైకర్‌కి కళ్లు, నడుము, బ్యాలెన్స్ ముందే తయారై ఉంటాయి. చిక్కంతా చేతులతో, కాళ్లతో. వాటికి ఏమీ రాకపోతే ఇబ్బంది లేదు, నేర్పించవచ్చు. వాటికి వేరే పని ఒంటబట్టి ఉంది. కాబట్టి షాపుకెళ్లి హెల్మెట్టూ బూట్లూ కొనడంతో కాకుండా చేతులకు పాత పని మరిపించడంతో మొదలుపెట్టండి. ట్రిప్పుకి ముందు 4 వారాంతాలు పెట్టుకుంటే సరిపోతుంది.

1. తేలికైన బండి

మీ సైకిల్ 14, 15 కిలోలు ఉంటుంది. ఎండ్యూరో తరహా బండి (కొండ, అడవి దారుల కోసం చేసింది) పెట్రోలుతో కలిపి 110 నుంచి 120 కిలోలు. రోడ్డు మీదా మట్టిలోనూ నడిచే డ్యూయల్ స్పోర్ట్ బళ్లు 140 చుట్టుపక్కల ఉంటాయి. పెద్ద అడ్వెంచర్ బళ్లు 200 దాటతాయి. ఫొటోల్లో అవే బాగుంటాయి కానీ మొదటి ట్రిప్పుకి వద్దు. బురదలో పడితే ఒక్కరు లేపలేరు.

125 నుంచి 250 సీసీ లోపు ఫోర్ స్ట్రోక్ బండి, ఆగినప్పుడు రెండు పాదాల ముందుభాగమైనా నేలకు ఆనే సీటు ఎత్తు. ఈ రెండూ చూసుకుంటే చాలు. మోటోక్రాస్ బండి తక్కువకు దొరుకుతోందని ఎవరైనా చెప్పినా వెళ్లకండి. అది జంపుల కోసం చేసింది. సస్పెన్షన్ బిగుసుగా ఉంటుంది, పవర్ ఒక్క ఊపులో వస్తుంది, లైట్లు ఉండవు.

సుర్రాన్ లైట్ బీ లాంటి ఎలక్ట్రిక్ బండి మౌంటెన్ బైకర్లకు ఇట్టే నచ్చుతుంది. బరువు 60 కిలోల లోపే, రెండు బ్రేకులూ హ్యాండిల్ మీదే, క్లచ్చూ గేర్లూ లేవు. సరదాకి బాగుంటుంది. కానీ ట్రిప్పు పెట్రోలు బండి మీదైతే దాని మీద నేర్చుకున్నది సగమే పనికొస్తుంది.

ఒక చిన్న లెక్క. మీతో కలిపి సైకిల్ 100 కిలోలు, బండి 200 కిలోలు అనుకుందాం. బండి మీద వేగం కూడా రెట్టింపైతే బ్రేకులు ఆపాల్సిన శక్తి ఎనిమిది రెట్లు. బరువుతో శక్తి రెట్టింపవుతుంది, వేగంతో వర్గం లెక్కన పెరుగుతుంది. సైకిల్ మీద 'ఇక్కడ బ్రేకు వేస్తే చాలు' అని మీ కన్ను చూపించే చోటు బండి మీద ఆలస్యమే.

2. ఇంజిన్ ఆపి చేసే సాధన

బండి మీద కుడిచేయి యాక్సిలరేటర్‌నీ ముందు బ్రేకునీ చూసుకుంటుంది. కుడికాలికి వెనక బ్రేకు, ఎడమచేతికి క్లచ్, ఎడమకాలికి గేర్లు. మామూలుగా ఒకటో గేరు కిందికి, మిగతావన్నీ పైకి, న్యూట్రల్ ఒకటికీ రెండుకీ మధ్యన.

సైకిల్ బ్రేకులు దేశాన్ని బట్టి మారతాయి. కొన్నిచోట్ల ఎడమ లివర్ వెనక బ్రేకు, ఇంకొన్నిచోట్ల కుడిది. దేనికి అలవాటుపడ్డా ఇబ్బందే. ఎడమచేత్తో వెనక బ్రేకు వేసేవారు నాలాగే క్లచ్ నొక్కి బండిని వదిలేస్తారు. కుడిచేత్తో వేసేవారు వెనక బ్రేకే కదా అని గట్టిగా నొక్కి, మట్టిలో ముందు చక్రం లాక్ చేసి పడతారు. రెండోది ఇంకా ప్రమాదం.

దీనికి మందు విసుగు పుట్టించే సాధనే. బండిని స్టాండ్ మీద పెట్టి, బూట్లూ గ్లవ్సులూ వేసుకుని కూర్చోండి. కళ్లు మూసుకోండి. పక్కన ఒకరు 'వెనక', 'ముందు', 'క్లచ్', 'గేరు పైకి' అంటూ వరస మార్చి అరవాలి. చెప్పగానే మీ చేయో కాలో కదలాలి. రోజూ పది నిమిషాలు, రెండు వారాలు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

కాళ్ల సంగతి ఇంకా విచిత్రం. ఎత్తు రాగానే బలంగా తొక్కడం సైకిల్ కాళ్లకు అలవాటు. బండి మీద మొదటిసారి ఎత్తు ఎక్కుతుంటే నా కుడిపాదం తనంతట తాను కిందికి నొక్కింది. అక్కడున్నది వెనక బ్రేకు. సరిగ్గా ఊపు కావాల్సిన చోట బండి ఆగిపోయింది. పాదం ముందుభాగాన్ని ఫుట్‌పెగ్ మీద పెట్టి, బ్రేకు కావాల్సినప్పుడు మాత్రమే ముందుకు జరిపితే ఈ తప్పు తగ్గుతుంది.

3. ఖాళీ మైదానంలో రెండు పూటలు

మొదట హాఫ్ క్లచ్. యాక్సిలరేటర్ దాదాపు ముట్టుకోకుండా, ఒకటో గేరులో, క్లచ్ పట్టుకునే ఆ సన్నని చోటు దగ్గర వేళ్లు ఆడిస్తూ, మనిషి నడక కంటే నెమ్మదిగా 10 మీటర్లు వెళ్లండి. కాలు కింద పెట్టకూడదు. ఇక్కడ మీరు మిగతా కొత్తవాళ్లను దాటిపోతారు. సైకిల్ మీద నిలిచిన చోటే బ్యాలెన్స్ చేసిన అనుభవం వచ్చి కూర్చుంటుంది. క్లచ్ మీద ఒకటి లేదా రెండు వేళ్లు చాలు, మిగతావి గ్రిప్పు మీద.

తర్వాత బ్రేకులు. రెండో గేరులో 20 కిలోమీటర్ల వేగంతో, పెగ్‌ల మీద నిలబడి, క్లచ్ పట్టుకుని వెనక బ్రేకు కావాలనే లాక్ చేయండి. బండి తోక ఊగుతుంది. హ్యాండిల్ తిన్నగా ఉంచి కళ్లు దూరంగా పెడితే ఏమీ కాదు. ఐదారుసార్లు చేశాక ముందు బ్రేకుకి రండి. ఒక వేలితో, పండు మెత్తబడిందా అని నొక్కి చూసినట్టు మొదలుపెట్టి బిగించాలి. మట్టిలో కూడా ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని చూసి భయపడి వదిలేయడం కంటే దానితో స్నేహం చేసుకోవడం మేలు.

ఒక ప్రమాదం ఉంది, సైకిల్ మీద దీనికి పోలిక లేదు. బండి ఎగిరినప్పుడో ముందుకు లాగినప్పుడో మీ ఒళ్లు వెనక్కి వాలుతుంది. హ్యాండిల్ పట్టుకు వేలాడిన కుడిచేయి తెలియకుండానే యాక్సిలరేటర్ తిప్పేస్తుంది. బండి ఇంకా లాగుతుంది, మీరు ఇంకా వేలాడతారు. ఇంగ్లీషువాళ్లు దీనికి విస్కీ థ్రాటిల్ అని పేరు పెట్టారు. విరుగుడు ఎడమచేతిలో ఉంది. క్లచ్ నొక్కేస్తే ఇంజిన్ ఎంత అరిచినా బండి లాగదు. అంటే దిగుడులో నన్ను తుప్పల్లో పడేసిన పనే ఇక్కడ కాపాడుతుంది. 'బండి లాగేస్తోంది' అయితే క్లచ్, 'బండి దిగుడులో దొర్లిపోతోంది' అయితే బ్రేకు. ఈ తేడా చేతికి తెలిసేదాకా మైదానం వదలకండి.

4. పడ్డ బండిని లేపడం, ఎత్తులో ఆగిపోతే తిప్పడం

మొదటి ట్రిప్పులో బండి పడుతుంది. ఎన్నిసార్లన్నదే ప్రశ్న. సైకిల్‌ని ఒంటిచేత్తో లేపే మనిషి అదే ఊపుతో 115 కిలోలను లాగితే నడుము పట్టేస్తుంది. కాబట్టి ఇంట్లోనే, పాత దుప్పటి పరిచి బండిని పడుకోబెట్టి లేపడం నేర్చుకోండి.

ముందు ఇంజిన్ ఆపండి. బండి కుడివైపు పడి ఉంటే సైడ్ స్టాండ్ ముందే తీసి పెట్టండి, లేపిన ఊపులో అవతలికి పడిపోకుండా. గేరులో ఉంచితే చక్రం దొర్లదు. ఒక చేయి హ్యాండిల్ గ్రిప్పు మీద, రెండోది సీటు వెనక పట్టు దొరికే చోట. మోకాళ్లు వంచి, వీపు తిన్నగా పెట్టి, కాళ్లతో లేవండి. వాలులో పడితే ముందు బండిని నేల మీదే ఈడ్చి తిప్పండి, చక్రాలు పల్లం వైపు, హ్యాండిల్ ఎగువ వైపు ఉండేలా. అప్పుడు సగం పని వాలే చేసిపెడుతుంది. సైలెన్సర్ మాత్రం ముట్టుకోకండి. సైకిల్‌కి కాలే భాగం బ్రేకు డిస్క్ ఒక్కటే కాబట్టి మనకు ఆ జాగ్రత్త ఉండదు.

ఇప్పుడు అసలైన చిక్కు. నిటారు ఎత్తులో సగం దూరంలో ఇంజిన్ ఆగిపోయింది. బరువంతా వెనక చక్రం మీద ఉంది కాబట్టి ముందు బ్రేకు ఒక్కటీ పట్టదు, చక్రం లాకై కూడా బండి వెనక్కి జారుతుంది. కుడికాలు నేల మీద ఉంది, వెనక బ్రేకు అందదు. ఇక్కడే ఒక చక్కని ఉపాయం ఉంది. ఆగిన ఇంజిన్, ఒకటో గేరు, క్లచ్ వదిలేసి ఉంటే వెనక చక్రాన్ని ఇంజినే బిగించి పడుతుంది. క్లచ్ కొంచెం నొక్కితే చక్రం దొర్లుతుంది, వదిలితే ఆగుతుంది. బ్రేకుకి తలకిందులుగా పనిచేసే బ్రేకన్నమాట.

అలా పట్టి ఉంచి ఎడమవైపు దిగండి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి, క్లచ్ ఆడిస్తూ అడుగు అడుగున వెనక్కి వదలండి. బండి ముక్కు కుడికి తిరిగి, బండి వాలుకి అడ్డంగా నిలుస్తుంది. మీరు ఎగువ వైపే ఉంటారు కాబట్టి బండి మీ మీద పడదు. ఇప్పుడు హ్యాండిల్ కుడికి తిప్పి, నెమ్మదిగా ముందుకు వదిలితే ముక్కు కిందికి వస్తుంది. ఎక్కి, మొదటి గేరులోనే దిగండి. ముందుగా చిన్న గట్టు మీద పదిసార్లు చేయండి. చదివితే రాదు.

5. దారిలో ఏది పాతదే, ఏది కొత్తది

నిలబడే భంగిమ దాదాపు మీకు తెలిసిందే. మోచేతులు బయటికి, మోకాళ్లు మెత్తగా, చూపు దూరంగా. అదనంగా ట్యాంకుని మోకాళ్లతో పట్టుకోవాలి. ఈ పని సైకిల్ మీద ఉండదు, అందుకే అందరూ మర్చిపోతారు. మోకాళ్లు పట్టకపోతే ఆ పని చేతుల మీద పడుతుంది, అరగంటలో ముంజేతులు రాయిలా బిగుసుకుంటాయి.

దిగుడులో వెనక్కి జరగడం అదే. కానీ ఒకటో రెండో గేరులో, క్లచ్ పూర్తిగా వదిలేసి, ఇంజిన్‌తోనే వేగం పట్టించి, పైన కాస్త ముందు బ్రేకు. ఎత్తు మొదలవకముందే గేరు ఎంచుకోండి, మధ్యలో మార్చాల్సి వస్తే ఊపు పోతుంది. ఇసుకలో సైకిల్ మీద ఎలాగైతే ముందు చక్రాన్ని దాని ఇష్టానికి వదులుతారో ఇక్కడా అంతే, యాక్సిలరేటర్ మాత్రం టక్కున మూయకండి. మూస్తే ముందు చక్రం పాతుకుంటుంది.

మలుపులో ఎడమకాలో కుడికాలో తీసి ముందుకు చాపడం చూసే ఉంటారు. కాలు ముందుకే, ముందు చక్రం వైపే ఉండాలి. సైకిల్ మీద చేసినట్టు పక్కకు చాపి నేలను తన్నితే ఆ బరువుకి మోకాలు తట్టుకోదు. బండి పడిపోతుంటే కాలితో ఆపాలని చూడకండి, వదిలేయండి. బన్నీహాప్ (సైకిల్‌ని ఎగరేసి అడ్డు దాటడం) ఆశ కూడా వదిలేయండి. దుంగ అడ్డొస్తే నిలువుగా ఎదుర్కొని నెమ్మదిగా దాటడమే.

వాగులో ముందు నడిచి లోతు చూడండి. మొదటి ట్రిప్పులో చక్రం ఇరుసు కంటే లోతుంటే వెనక్కి తిరగండి. బండి నీళ్లలో పడి ఇంజిన్ ఆగితే స్టార్టర్ అస్సలు నొక్కవద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

6. ఒంటి మీద వేసుకునేవాటిలో ఏది పనికొస్తుంది

గాగుల్స్, జెర్సీ, గ్లవ్స్, నీళ్ల బ్యాగు, ప్యాడ్ ఉన్న షార్ట్ అన్నీ తెచ్చుకోండి. మోచేతి ప్యాడ్లు ఫర్వాలేదు. సైకిల్ ఫుల్‌ఫేస్ హెల్మెట్ మాత్రం ఇంట్లో పెట్టండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా అది వేరే ప్రమాణానికి చేసింది. బండికి ఈసీఈ 22.06 లాంటి మోటార్ సైకిల్ ప్రమాణం ఉన్నదే కావాలి.

డబ్బు తక్కువుంటే హెల్మెట్ తర్వాత మొత్తం బూట్ల మీద పెట్టండి. పిక్కల దాకా వచ్చే గట్టి ఆఫ్‌రోడ్ బూట్లు. బండి కిందపడ్డ పాదాన్ని, పెగ్‌కీ రాయికీ మధ్య నలిగే చీలమండను కాపాడేది అవే. కొత్త బూట్లు వేసుకుంటే చెక్క కాళ్లు పెట్టుకున్నట్టుంటుంది. కింద గేరు లివర్ ఉందో లేదో తెలియదు. వారం రోజులు ఇంట్లో వేసుకుని మెట్లు ఎక్కి దిగండి. తర్వాత గేరు లివర్‌నీ బ్రేకు పెడల్‌నీ ఆ బూట్లకు తగ్గ ఎత్తుకి మార్పించండి. ఛాతీకీ వీపుకీ గట్టి కవచం, మోకాలి నుంచి కాలి ఎముక దాకా కప్పే గార్డులు కూడా ఉండాలి.

7. బండి సర్దుబాటు, సంచిలో సామాను

హ్యాండిల్ లివర్లను నిలబడినప్పుడు మణికట్టు వంగకుండా కిందికి తిప్పుకోండి. మరీ బిగించకండి. పడినప్పుడు తిరిగితే విరగవు. గాలి విషయంలో మీ అంచనా బోర్లా పడుతుంది. సైకిల్‌కి 22, 25 పీఎస్ఐ పెడతారు కదా, తేలికపాటి ఎండ్యూరో బండికి ట్యూబ్ టైర్లతో 12 నుంచి 15 చాలు. రాళ్లు ఎక్కువైనా బండి బరువైనా 18 నుంచి 20. మరీ తగ్గిస్తే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు కొరుక్కుపోతుంది, ఈ బాధ మీకు కొత్త కాదు. తారు రోడ్డు ఎక్కగానే బండి మాన్యువల్‌లో రోడ్డుకి చెప్పినంత గాలి కొట్టండి.

సస్పెన్షన్ సాగ్ (మీరు ఎక్కగానే అది అణిగే మేర) సైకిల్‌కి మొత్తం ట్రావెల్‌లో, అంటే సస్పెన్షన్ కదలగల దూరంలో, నాలుగో వంతు నుంచి 30 శాతం ఉంటే, 300 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉన్న ఎండ్యూరో బండికి సుమారు మూడో వంతు, అంటే 100 మిల్లీమీటర్ల దగ్గర చూస్తారు. చైన్ వదులు మాన్యువల్ ప్రకారమే. సైకిల్ చైన్‌లా బిగువుగా పెడితే సస్పెన్షన్ అణిగినప్పుడు చైన్ తెగొచ్చు. ఇక సైకిల్‌కి లేనిది ఎయిర్ ఫిల్టర్. దుమ్ము తాగిన ఫోమ్ ఫిల్టర్‌తో వెళ్తే ఇంజిన్ ఊపిరాడక ఈడుస్తుంది, దుమ్ము లోపలికి పోతే సిలిండర్ అరుగుతుంది. శుభ్రం చేసి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి పెట్టండి.

మల్టీటూల్ ఒక్కటే చాలదు. బండికి 8, 10, 12, 13 సైజు స్పానర్లు, ఇరుసు నట్టుకి పట్టే పెద్దది కావాలి. టైరు లివర్లు, ముందు చక్రానికి సరిపోయే 21 అంగుళాల ట్యూబు (అత్యవసరంలో 18 అంగుళాల వెనక చక్రంలోనూ ఎలాగోలా ఇరికించవచ్చు), చైన్ లింకు, జిప్ టైలు, లాగడానికి పట్టీ. సైకిల్ పంపు కారు వాల్వుకి పట్టేదైతే చక్కగా పనికొస్తుంది, కాకపోతే వందల సార్లు కొట్టాలి. 16 గ్రాముల గ్యాస్ కాట్రిడ్జ్ ఒక్కటి ఆ టైరుకి ఏ మూలకూ రాదు.

ఫోను హ్యాండిల్‌కి బిగించేముందు ఒక మాట. మోటార్ సైకిల్ ఇంజిన్ అదురుకి ఐఫోన్ కెమెరా దెబ్బతినవచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే హెచ్చరించింది. అదురు తగ్గించే మౌంట్ వాడండి, లేదా మ్యాపు చూసి జేబులో పెట్టుకోండి.

8. దారి, పెట్రోలు, అనుమతి

మీరు సైకిల్ తొక్కే దారులు చాలావరకు ఇంజిన్ బళ్లకు నిషిద్ధం. 'ఎప్పుడూ వెళ్లే దారే కదా' అని వెళ్లకండి. భూమి ఎవరిదో, బండికి అనుమతి ఉందో లేదో, లైసెన్సు, ఇన్సూరెన్సు ముందే చూసుకోండి. తడి దారిలో వెనక చక్రం తిప్పి చాలు కోస్తే, రేపు అదే చాల్లో మీ సైకిల్ పడుతుంది.

మొదటి ట్రిప్పు 40 నుంచి 60 కిలోమీటర్లు, రెండు మూడు గంటలు, మధ్యలో బయటపడే దారులు ఉన్న చోట. సైకిల్ మీద కాళ్లు అలిసి ముందే హెచ్చరిస్తాయి. ఇంజిన్‌కి అలుపు ఉండదు కాబట్టి మీరు నడిచి రాలేనంత దూరం ఇట్టే తీసుకుపోతుంది. ట్యాంకు 8 లీటర్లు, మట్టిలో లీటరుకి 20 కిలోమీటర్లు వస్తే కాగితం మీద 160. ఇసుకా బురదా తగిలితే అది పడిపోతుంది కాబట్టి 100 అనుకోండి. మూడో వంతు పెట్రోలు గానీ నీళ్లు గానీ అయిపోతే తిరుగుముఖం పట్టండి.

ఒంటరిగా వెళ్లకండి. గుంపులో దుమ్ము కనుచూపు ఆపనంత ఎడం ఉంచండి. దారి చీలిన ప్రతిచోటా ముందున్నవారు ఆగి, వెనకవారు కనబడ్డాకే కదలాలి. హెల్మెట్టూ ఇంజిన్ మోతా కలిస్తే సైకిల్ మీద వినబడే ఏ అలికిడీ వినబడదు, ఎదురుగా బండి వచ్చినా తెలియదు. గుడ్డి మలుపుల్లో దారిలో మీ వైపు అంచునే ఉండండి.

9. ఆ రోజు, మర్నాడు

మొదటి అరగంట కావాలనే బోరు కొట్టేలా నడపండి. చేతులు ఎప్పుడు పాత పని మొదలుపెడతాయో గమనించండి. నా అనుభవంలో అది పొద్దున కాదు, అలిసిపోయిన మధ్యాహ్నం. వరసగా రెండుసార్లు తప్పు లివర్ నొక్కితే ఆ రోజుకి దగ్గరి దారిన తారు రోడ్డెక్కండి.

ఇంటికొచ్చాక బండి కడిగి, ఎయిర్ ఫిల్టర్ తీసి, చక్రాల పుల్లలు వదులయ్యాయేమో వేలితో మీటి చూడండి. మర్నాడు సైకిల్ తీస్తే మొదటి పది నిమిషాలు చదునైన చోటే తిరగండి. నేను నేరుగా కొండెక్కాను. మలుపు ముందు గేరు మార్చాలని ఎడమ లివర్ క్లచ్ అనుకుని నిండా నొక్కాను.